ప్లానక్క గీసిన మూడో రోజు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఆ ఊళ్ళో దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ప్లానక్కే. వ్యాను డ్రైవర్లకు ప్లానక్క, వైనరీల గేటు దగ్గర కాపలా కాసేవాళ్ళకు ప్లానక్క, ఆఖరికి కరెంటు బిల్లు ఇచ్చిపోయే మనిషికి కూడా ప్లానక్కే. యాభై మూడేళ్ళ మనిషి. బస్టాండు ఎదురుగా, చెప్పుల దుకాణం పైన రెండు గదుల టూరిస్టు ఆఫీసు ఉంది. అందులో ఇరవై ఒక్కేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. ద్రాక్షతోటలు చూసి, వైను రుచి తెలుసుకుందామని ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళకు మూడు రోజులో నాలుగు రోజులో తిరిగే దారి గీసివ్వడం.

"అదీ ఒక పనేనా, మ్యాపు చూసుకుంటే సరిపోదూ?" అనేవాళ్ళు లేకపోలేదు. అలాంటివాళ్ళు ఒక్కసారి సొంతంగా తిరిగి చూడాలి, అప్పుడు తెలుస్తుంది తస్సాదియ్యా! మొదటి రోజే ఆరు చోట్లకు ఎగబడతారు. మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారిపోయి దేని రుచేమిటో తెలియదు. సాయంత్రం వ్యానులో ఒకరి భుజం మీద ఒకరు సోలిపోతారు. రెండో రోజంతా తలకు గుడ్డ కట్టుకుని హోటల్లో ముసుగుతన్ని పడుకుంటారు. ఇక మూడో రోజు దెబ్బలాడుకుని ఇంటిదారి పడతారు.

ప్లానక్క చేతిలో పడ్డవాళ్ళకు ఆ గతి పట్టదు. రోజుకు మూడు చోట్లే, ఒక్కోచోట ముప్పావు గంట. పళ్ళు తోముకున్న గంట దాకా గ్లాసు ముట్టుకోనివ్వదు. ముందు తెల్ల వైను, ఆ తర్వాత ఎర్రది, అన్నిటికన్నా చివర తీపిది. "మిఠాయి నోట్లో వేసుకుని టీ తాగి చూడండి, మీకే తెలుస్తుంది" అని ఫోనులోనే పాఠం చెప్పేది. నోట్లో పోసుకున్నది నాలుక మీద తిప్పి, గిన్నెలో ఉమ్మేయమనేది. మర్యాదస్తులు నలుగురిలో ఉమ్మడానికి సిగ్గుపడి గుటుక్కున మింగేస్తారు. అది కూడా ఆమెకు తెలుసు. అలాంటివాళ్ళుంటారని రెండో రోజు మధ్యాహ్నం గంటన్నర నిద్ర ముందే రాసి పెట్టేది.

రోజుకు ఒక షీటు. షీటు నిండా అరగంటకొక గడి. ముందు పెన్సిలుతో నింపి, ఖాళీ వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని ఆ దారంతా తిరిగొచ్చి, అప్పుడు సిరాతో దిద్దేది. ఏ మలుపు దగ్గర ట్రాక్టర్లు అడ్డం వస్తాయో, ఏ వైనరీలో ఆడవాళ్ళకు బాత్రూము సరిగా ఉండదో, ఎవరు ముప్పావు గంట అని చెప్పి రెండు గంటలు సుత్తి కొడతారో, అన్నీ ఆ గడుల్లోకి ఎక్కేవి. ఆమె రాసిన షీటు తప్పిందన్న మాట ఇరవై ఒక్కేళ్ళలో ఎవరూ అనలేదు. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువగానే గుర్తుండేది.

ఇంటి దగ్గర ఆమెకున్నది తమ్ముడి కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. "నా గడుల్లో మొగుడికి చోటు లేదు" అని నవ్వేసేది గానీ, అసలు సంగతి తమ్ముడే. తల్లి పోయేనాటికి వాడికి పదమూడేళ్ళు. పెంచింది, చదివించింది. చదువు అబ్బలేదు. అబ్బింది తాగుడు. పెళ్ళయ్యాక కూడా ఆరేళ్ళు తాగాడు. రోడ్డు పక్కన పడిపోతే భుజం కింద చెయ్యి వేసి తీసుకొచ్చిన రోజులు అక్కకూ పెళ్ళానికీ సమానంగా ఉన్నాయి. చివరికి కూతురు పుట్టిన ఏడాదికి, ఎవరూ ఏమీ అనకుండానే, ఒక పొద్దున లేచి "ఇక చాలు" అన్నాడు. అన్నవాడు నిలబడ్డాడు. ఎనిమిదేళ్ళు చుక్క ముట్టలేదు.

విచిత్రమేమిటంటే వాడు పనిచేసేది పాత వైనరీలో. పీపాలు కడగడం, తొట్లలో ద్రాక్ష తొక్కుడు చూడటం, వచ్చినవాళ్ళకు నేలమాళిగ చూపించి గ్లాసుల్లో పోయడం. పిల్లిని పాలకు కాపలా పెట్టారని ఊళ్ళో నవ్వారు. ఆ పని ఇప్పించింది ప్లానక్కే. వాడు నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించాడు. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలోనే పెళ్ళాం ముందు నోరు తెరిచి నిలబడేవాడు. చొక్కా నిండా వైను వాసన, నోట్లో మాత్రం వట్టి యాలకుల వాసన. "పో, లోపలికి పో" అని ఆమె వీపు మీద ఒకటి వేసి పంపేది. తొమ్మిదేళ్ళ పాప అది చూసి రోజూ పడీపడీ నవ్వేది. మరదలు ఇంట్లోనే మిషను మీద బడిపిల్లల బట్టలు కుట్టేది. వంటింటి వెనక గది ప్లానక్కది. సంపాదనైనా, చుట్టరికమైనా, ముసలితనానికి ఆసరా అయినా, ఆమెకు ఆ ముగ్గురే.

ఆ ఏడు ద్రాక్ష కోతల నెలలో ఎనిమిది మంది పళ్ళ డాక్టర్లు వచ్చారు. అందరూ రిటైరైనవాళ్ళే. నాలుగు రోజుల తిరుగుడు. వాళ్ళలో పెద్దాయన ఫోనులోనే నవ్వించాడు. "అమ్మా, నలభై ఏళ్ళు జనాన్ని ఉమ్మండి ఉమ్మండి అని చంపాం. ఇప్పుడు మమ్మల్ని ఉమ్మమంటున్నావా? పాపం పండిందన్నమాట!" ప్లానక్క కూడా నవ్వింది. కానీ మనిషి నవ్వుతాలుగా మాట్లాడినా పని దగ్గర గట్టివాడు. ఎర్ర వైను మీద తెల్లది తాగిస్తే ఊరుకోనని ముందే చెప్పాడు.

మొదటి రెండు రోజులు నీళ్ళమీద పడవలా సాగిపోయాయి. మూడో రోజు షీటు ఇలా ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకు కొండమీది వైనరీలో తెల్ల వైను. పదకొండున్నరకు తమ్ముడు పనిచేసే పాత వైనరీలో, నేలమాళిగలో, ఎర్ర వైను. సాయంత్రం నాలుగింటికి తీపిది.

రెండో రోజు సాయంత్రం నాలుగున్నరకు కొండమీదినుంచి ఫోను వచ్చింది. పొద్దున తోట కోతకు మనుషులందరూ పోతున్నారు, అతిథుల్ని రెండింటికి తీసుకురమ్మని. ఇదెక్కడి తలనొప్పిరా బాబూ అనుకుంది. పాత వైనరీకి మధ్యాహ్నం పోదామంటే కుదరదు, అప్పుడు ద్రాక్ష లోడ్లు దిగుతుంటాయి. అంటే ఎర్రది పొద్దునే కావాలి, తెల్లది తర్వాత పడాలి. పదకొండున్నరకు ఎర్రది మొదలుపెట్టి రెండింటికి తెల్లది నోట్లో పోస్తే, ఆ పెద్దాయన గ్లాసు ముందే గొడవపెట్టుకుంటాడు. నాలుకకు కనీసం మూడు గంటల విరామం ఉండాలి. ఎర్రదాన్ని తొమ్మిదిన్నరకు జరిపితే? పదిన్నరకల్లా బయటపడతారు. నీళ్ళు, రొట్టె, భోజనం, చెట్లకింద నడక. రెండింటికి నాలుక కడిగిన గిన్నెలా ఉంటుంది.

గడులు భేషుగ్గా అమరాయి. కానీ ఒక చిక్కు ఉంది, అది ఆమెకు తెలియనిది కాదు.

కోతల నెలలో తొట్లలో ద్రాక్షరసం పులుస్తుంటుంది. అది పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఆ పనివాళ్ళు దాన్ని మూగగాలి అంటారు. రంగుండదు, పెద్దగా వాసనా తెలియదు. బరువైన గాలి కనుక నేలమాళిగలోకి దిగి, రాత్రంతా అడుగున పేరుకుని కూర్చుంటుంది. అందులోకి దిగినవాడు రెండు మూడు గుక్కల్లో కూలబడతాడు. అరిచే వ్యవధి కూడా ఇవ్వదు. అందుకే ఆ వైనరీలో పొద్దున తొమ్మిదింటికి మేనేజరు తాళం తీసి పెద్ద ఫ్యాను వేస్తాడు. రెండు గంటలు తిరగాలి. తర్వాత కర్రకు కట్టిన కొవ్వొత్తి వెలిగించి కిందికి దించి చూడాలి. ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగాలి. ఆమె ఆఫీసు గోడమీది కాగితంలో ఆ వైనరీ పక్కన, "కోతల నెల: పదకొండు దాటాకే" అని ఆమె చేతిరాతే ఉంది.

అయిదింటికి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, రేపు డాక్టర్లను తొమ్మిదిన్నరకే పంపుతున్నాను. ఎలాగోలా చూసుకో."

"అక్కా, ఫ్యాను సంగతి తెలుసుగా."

"తెలుసురా, నాకు చెప్తావేంటి? వాళ్ళను పైనే తిప్పు. తొట్లు చూపించు, నీ కబుర్లు చెప్పు. నువ్వు నోరు తెరిస్తే గంట ఇట్టే గడిచిపోతుందిగా. ఆఖర్న ఒక్క పది నిమిషాలు కిందికి దించు, చాలు."

"మేనేజరుకు చెప్పనా?"

"ఆయనకు చెప్తే వద్దంటాడు. మనిద్దరం ఇలా ఎన్నిసార్లు సర్దుకోలేదు?"

"సర్లే. నువ్వు చెప్పాక కాదంటానా అక్కా" అన్నాడు.

ఆమె కొత్త షీటు రాసి, ఆరింటికి వచ్చిన డ్రైవరు చేతికిచ్చింది. రాత్రి భోజనాల దగ్గర అక్కా తమ్ముడూ ఆ మాట ఎత్తలేదు. ఆఫీసు సంగతులు కంచం దగ్గరకు తేవద్దని మరదలు పెట్టిన నియమం అది. పొద్దున వాడు మామూలుకన్నా గంట ముందు బయల్దేరాడు. ఎందుకింత తొందర అని పెళ్ళాం అడిగితే "పనుంది" అని సైకిలెక్కాడు.

ఆమె షీటులో అతిథులకు గడులున్నాయి, డ్రైవరుకు గడి ఉంది, భోజనానికి, నిద్రకు, బాత్రూముకు కూడా గడులున్నాయి. అతిథులు దిగేలోపు కింద బల్ల తుడిచి గ్లాసులు సర్దిపెట్టే మనిషికి మాత్రం గడి లేదు. ఇరవై ఒక్కేళ్ళలో ఏ షీటులోనూ లేదు. వాళ్ళు ఆఖర్న దిగుతారు కదా అనుకుంది గానీ, వాళ్ళకన్నా ముందు ఒకడు దిగాలన్న సంగతి ఆమె బుర్రకు తట్టనే లేదు.

తొమ్మిది నలభైకి డ్రైవరు ఫోను చేశాడు. ఆమె నాలుగో రోజు షీటు చూసుకుంటోంది.

"అక్కా, తమ్ముడు కనబడట్లేదు. నేలమాళిగ తలుపు తీసే ఉంది, పిలిస్తే పలకట్లేదు. వీళ్ళు కిందే ఉన్నాడేమో దిగి చూస్తామంటున్నారు."

"దిగొద్దు!" అని అరిచింది. కింద చెప్పుల దుకాణంలో వాళ్ళకు కూడా వినబడిందట. "ఎవర్నీ దిగనియ్యకు! తలుపు దగ్గరనుంచి లాగేయ్ అందర్నీ! మేనేజర్ని పిలువు, ఫ్యాను, ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోందక్కా, తొమ్మిదింటికే వేశారట..."

ఆ తర్వాత అతనేం చెప్పాడో ఆమెకు వినబడలేదు. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

ముక్కుకు గాలిగొట్టం తగిలించుకున్న ఫైరింజను మనుషులు వచ్చి వాణ్ణి పైకి తెచ్చేసరికి పదిన్నర. పళ్ళ డాక్టర్లు ఎనిమిది మందీ వంతులవారీగా గుండె నొక్కారు. పెద్దాయన చొక్కా చేతులు మడిచి, వాకిట్లో రాళ్ళమీద మోకాళ్ళూని, చెమటలు కారుతున్నా ఆపలేదు. ప్లానక్క ఆటోలో వచ్చి దిగేసరికి ఆయన లేచి పక్కకు నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి చేతులు రెండూ చాపి, దించేశాడు. తమ్ముడి చొక్కా మెడనుంచి నడుము దాకా ఎర్రగా తడిసి ఉంది. చేతిలో గ్లాసుల ట్రే, వైను కూజా పట్టుకుని మెట్లు దిగుతూ పడిపోయాడు. కొవ్వొత్తి కర్ర పైన గోడకే ఆనించి ఉంది. రెండు చేతులూ ఖాళీ లేనివాడు కొవ్వొత్తి ఎక్కడ దించుతాడు?

మేనేజరు మాత్రం చాలా త్వరగా తేరుకున్నాడు. ఇలాంటివాళ్ళకు నోరు అందరికన్నా ముందు లేస్తుంది. ఫ్యాను సరిగా తిరగకముందే మనిషి దిగాడంటే, తలుపుకు తాళం ఎందుకు లేదని అడుగుతారు. అందుకని గేటు దగ్గర పోలీసులు, పనివాళ్ళు, పరుగున వచ్చిన మరదలు, అందరూ వింటుండగా పెద్ద గొంతుతో అన్నాడు. "ఏం చెప్పమంటారు సార్. పాత అలవాటు. పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాడు, ఎవరూ రాకముందే. వాసన మీరే చూడండి."

మరదలు చూసింది. ఒంగి మొగుడి చొక్కా వాసన చూసింది. నోటిదాకా కూడా వంగింది. గడ్డం, పెదాలు, అంతా వైనే. ఆమె లేచి నిలబడింది.

"అందుకా పొద్దున గంట ముందు లేచి పోయింది" అంది. ఏడవలేదు. "పనుందన్నాడు నాతో."

ప్లానక్క పక్కనే ఉంది. నోరు తెరిచింది. ఆ క్షణంలో చెప్పి ఉంటే ఒక్క వాక్యం. నేనే రమ్మన్నాను, అంతే. కానీ పోలీసాయన ఆమె వైపు తిరిగి, "టైము ఎవరు మార్చారండీ?" అని అడిగాడు. "కొండమీది వైనరీ వాళ్ళు మార్చారు" అంది. అందులో అబద్ధం లేదు. ఆయన అదే రాసుకుని కాగితం మడిచాడు.

ఒకసారి మింగిన మాట మళ్ళీ పైకి రావడం అంత తేలిక కాదు. ఆ సాయంత్రం చెబుదామనుకుంది. ఇల్లంతా జనం. మర్నాడు శవపేటిక మూత వేసేముందు అందరూ ఒక్కొక్కరే వచ్చి ముఖం చూసి వెళ్ళారు. మరదలు రాలేదు. వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంది. "మళ్ళీ ముట్టుకుంటే నీ ముఖం చూడనని ఒట్టేశాను. ఆయనకు తెలుసు" అంది. పెద్దవాళ్ళు బతిమాలారు, కోప్పడ్డారు. లేవలేదు. ప్లానక్క కూడా వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఏమీ అనకుండా తీసేసింది. మూత మూశారు.

ఏం భయం ఆమెకు? పోలీసులా? ఉద్యోగమా? అవీ ఉన్నాయి, లేవని కాదు. కానీ అసలు భయం ఆ వంటింటి వెనక గది. "నా మొగుణ్ణి చంపింది నువ్వా" అని మరదలు ఒక్క మాట అంటే, ఆ ఇంట్లో ఆమెకు మరి నిలవనీడ లేదు. తమ్ముడు ఎలాగూ పోయాడు, ఉన్న ఈ ఇద్దర్నీ పోగొట్టుకోలేనని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆసుపత్రి రిపోర్టు నెలరోజుల్లో వస్తుందన్నారు. రక్తంలో మందు లేదని అదే చెబుతుంది. తను చెప్పక్కర్లేకుండానే వాడి మీద మాట చెరిగిపోతుంది. ఎంత బాగా అమర్చుకుందో చూడండి! ఇది కూడా ఒక ప్లానే.

తమ్ముడు పోయిన నాలుగో రోజు డ్రైవరు ఆఫీసుకు వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి జేబులోంచి మడత కాగితం తీశాడు. "అక్కా, ఆ రోజు నువ్విచ్చిన కొత్త షీటు. నన్నెవరూ అడగలేదు. ఏం చెయ్యమంటావు?"

"నీ దగ్గరే ఉండనియ్" అంది, అతని ముఖం చూడకుండా.

అతను వెళ్ళబోతూ, "ఆ రోజు నువ్వు దిగొద్దని అరవకపోతే ఇంకా ఎంతమంది పోయేవాళ్ళో" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆమెకు అది చెంపమీద కొట్టినట్టు తగిలింది. అంత తెలిసినదానివి ముందు రోజు ఏం చేశావని అడిగినట్టే ఉంది.

ఆ నెల రోజులూ ఇంట్లో ఆమె విన్న మాటలు పగవాళ్ళు కూడా వినకూడదు. మరదలు మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, ఎదురుగా ఎవరూ లేకపోయినా తిట్టేది. "ఎనిమిదేళ్ళు నన్ను ఎంత నమ్మించావయ్యా. యాలకులు నములుతూ వచ్చి ఎంత నాటకం ఆడావు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు తాగావో, నేను పిచ్చిదాన్ని, నోరు చూసి మురిసిపోయాను." ఎనిమిదేళ్ళ మంచిరోజుల్ని వెనక్కి తిరిగి ఒక్కొక్కటే అనుమానించింది. ఫలానా పెళ్ళిలో కళ్ళు ఎర్రబడ్డాయి, తాగే ఉంటాడు. పాపకు జ్వరమొచ్చినప్పుడు ఆలస్యంగా వచ్చాడు, తాగే ఉంటాడు. గుమ్మం దగ్గరి సీసాలో మిగిలిన యాలకులు తీసి చెత్తబుట్టలో పోసింది. ప్లానక్క ఎదురుగా కూర్చుని కూర తరుగుతూ అన్నీ వింది. రిపోర్టు రానీ, రిపోర్టు రానీ అని లోపల జపం చేసుకుంది.

ఆఫీసులో కొత్త గుంపు కోసం షీటు గీసింది. గీసి, పైన ఒక కొత్త గడి కలిపింది. గ్లాసులు సర్దే మనిషి ఎన్నింటికి దిగాలి అని. ఆఫీసు ఓనరు చూసి, "ఇదేంటి ప్లానక్కా, అతిథులకు ఈ సంగతి ఎందుకు?" అన్నాడు. "ఉండనివ్వండి" అంది.

ముప్పై నాలుగో రోజున రిపోర్టు వచ్చింది. ఇంటికే తెచ్చిచ్చారు. మరదలు మిషను దగ్గర కూర్చునే చదివింది. రెండుసార్లు చదివి, "వదినా, ఇదేంటో చూడు" అని ఇచ్చింది. గాలి అందక పోయాడు. రక్తంలో మందు జాడ లేదు.

మరదలు ముఖంలో ఏదో కదిలింది. సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియదు. "తాగలేదంట" అంది. "తాగలేదు వదినా! చొక్కా మీద ఒలికిందంతే. ఆ కూజా..." అని ఆగిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. "మరి అంత పొద్దున్నే ఎందుకు పోయినట్టు? పదకొండు దాటందే దిగకూడదని నాకే ఎన్నోసార్లు చెప్పాడే. ఎందుకు దిగాడు?"

కాగితం తనకు బదులు మాట్లాడుతుందనుకుంది ప్లానక్క. ఈ ప్రశ్నకు మాత్రం ఆ కాగితంలో జవాబు లేదు. ఆమె మంచం అంచున కూర్చుంది.

"నేనే రమ్మన్నాను" అంది. "తొమ్మిదిన్నరకు డాక్టర్లను పంపుతానన్నాను. ఫ్యాను సంగతి వాడు గుర్తుచేశాడు. నేనే సర్దుకోమన్నాను. గ్లాసులు పెట్టడానికి దిగాడు."

మరదలు ఆమెనే చూస్తోంది. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంది.

"ఎందుకు మార్చావు?"

"ఎర్ర వైను తర్వాత వెంటనే తెల్లది తాగితే రుచి తెలియదని." ఆ మాట బయటికి వచ్చాక ఎలా ఉందో ఆమె తన చెవులతోనే వింది.

"వాళ్ళు తాగి ఉమ్మేస్తారు గదా వదినా" అంది మరదలు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

ప్లానక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. "నన్ను తిట్టు, కొట్టు, బయటికి పొమ్మను. నావల్లే పోయాడు నా తండ్రి" అని మోకాళ్ళమీద తల పెట్టుకుంది.

మరదలు తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "ఫోనులో ఆఖర్న ఏమన్నాడు?"

"నువ్వు చెప్పాక కాదంటానా అక్కా అన్నాడు."

"అలాగే అంటాడు" అని తల ఊపింది. అప్పుడు, ముప్పై నాలుగు రోజుల తర్వాత, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొరపాటు చేశావు, సరే. మనుషులం, చేస్తాం. నువ్వు ఆయన్ని చంపాలని రమ్మన్నావా ఏంటి? కానీ ఆయన తాగలేదని నీకు గేటు దగ్గరే తెలుసు. అందుకే ముందు పోయాడని తెలుసు. నేను వంటింట్లో గోడకు తిరిగి కూర్చుంటే వచ్చి భుజం మీద చెయ్యేశావు. అప్పుడు ఒక్క మాట చెప్పుంటే లేచి పోయి ముఖం చూసుకునేదాన్ని గదా వదినా. ఒక్కసారి. ఇప్పుడెక్కడ చూడను?"



మరదలు చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "పాపకు కూడా నేనే చెప్పాను, మీ నాన్న తాగి చచ్చాడని. ఆ నోటితో మళ్ళీ నేనేం చెప్పను. నువ్వే పోయి చెప్పు."

పాప ముందు గదిలో నేలమీద బోర్లా పడుకుని బడి పుస్తకంలో లెక్కలు చేసుకుంటోంది. ప్లానక్క పోయి పక్కన కూర్చుంది. పిల్ల జుట్టు సవరిస్తూ, "నాన్న తాగలేదమ్మా" అంది.

"నాకు తెలుసు" అంది పాప, తల ఎత్తకుండానే.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాన్న తాగడు గదా." పెన్సిలు ఆపి, లేచి కూర్చుని, అత్త ముఖంలోకి చూసింది. "అమ్మకు ఆ రోజే చెప్పాను. నమ్మలేదు, కొట్టింది. నేను చిన్నదాన్ని కదా అత్తా. నువ్వు చెప్పుంటే నమ్మేది."